చివరి వరుస ముందుకొచ్చే లెక్క: సీమలో సంఘం, మైదానం, పద్దు పుస్తకం

క్లుప్తంగా: ఎవరి కంటా పడని మనిషి పైకి రావడానికి గోడ మీద రాసిన నినాదాలు పెద్దగా పనికిరావు. నోరు విప్పడానికీ, ఒకసారి తప్పు చేయడానికీ ఆ మనిషికయ్యే ఖర్చును జట్టు మొత్తం పంచుకునే ఏర్పాటు ఉంటే పని జరుగుతుంది. ఓర్వకల్లు పొదుపు సంఘాల్లో, అనంతపురం మైదానంలో, ప్రపంచ కప్ గెలిచిన మహిళల జట్టులో ఆ ఏర్పాటు ఎలా నడిచిందో, అదే ఏర్పాటు 2010 మైక్రోఫైనాన్స్ సంక్షోభంలో మెడకు ఎలా చుట్టుకుందో ఈ వ్యాసం చూస్తుంది.

2025 నవంబర్ 2 రాత్రి నవీ ముంబైలో భారత మహిళల క్రికెట్ జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి తొలిసారి వన్డే ప్రపంచ కప్ గెలిచింది. ఆ జట్టులో కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె అమ్మాయి శ్రీచరణి ఉంది. ఇలాంటి గెలుపు వచ్చినప్పుడల్లా స్కూలు వార్షికోత్సవాల్లో, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద ఒక మాట బాగా తిరుగుతుంది: టీమ్ కల్చర్. బాగుంది, కానీ అదేంటో విడమరిచి చెప్పమంటే ఎక్కువమంది దగ్గర జవాబు ఉండదు. అందరూ ఒకటిగా ఉండాలి, ఒకే మాట మీద నిలబడాలి అంటారు. తప్పేమీ కాదు గానీ దాంతో ఏమీ తేలదు. ఒకే మాట మీద నిలబడే ఇళ్లలో కూడా చిన్నకోడలి మాట ఎవరూ వినరు కదా.

కాబట్టి ప్రశ్నను కాస్త కిందికి దించి అడగాలి. ఒక గుంపులో అందరికంటే వెనక కూర్చున్న మనిషి ముందుకొచ్చిందంటే, ఆ గుంపు సరిగ్గా ఏం చేసింది?

కంట పడకపోవడం ఎట్లా జరుగుతుంది

ముందు ఒక అపోహ తీసేయాలి. వెనకబడ్డవాళ్లంటే ప్రతిభ లేనివాళ్లనో, లేకపోతే ఎంచేవాళ్లు చెడ్డవాళ్లనో అనుకుంటాం. చాలాసార్లు రెండూ కాదు. ఎంచేవాళ్లకు ప్రతిభ నేరుగా కనిపించదు, దాని గుర్తులు మాత్రమే కనిపిస్తాయి. ఆ గుర్తులు కొందరి దగ్గర ఉంటాయి, కొందరి దగ్గర ఉండవు.

దీనికి కెనడాలో ఒక మంచి ఉదాహరణ ఉంది. అక్కడి ఐస్ హాకీ జూనియర్ జట్లను 1980ల్లో పరిశీలిస్తే, జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువమంది తేలారు. జాతకం ఏమీ లేదు. వయసు లెక్క జనవరి 1 నుంచి కడతారు కాబట్టి జనవరిలో పుట్టిన పిల్లాడు డిసెంబర్‌లో పుట్టినవాడికంటే దాదాపు ఏడాది పెద్ద. తొమ్మిదేళ్ల వయసులో ఏడాది అంటే చిన్న తేడా కాదు. పొడుగ్గా, బలంగా ఉన్నవాణ్ని తీసుకుంటారు, వాడికి మంచి కోచ్ దొరుకుతాడు, ఎక్కువ మ్యాచ్‌లు పడతాయి, నాలుగేళ్ల తర్వాత చూస్తే వాడు నిజంగానే మెరుగైన ఆటగాడు. అంటే మొదట పొరపాటున చేసిన ఎంపిక తర్వాత తనను తానే నిజం చేసుకుంది. డిసెంబర్ పిల్లాడు ఎక్కడ తప్పిపోయాడో ఎవరికీ గుర్తుండదు.

సీమలో పుట్టిన నెలకంటే దూరం ఈ పని ఎక్కువ చేస్తుంది. జిల్లా క్రికెట్ సెలెక్షన్స్ టౌన్‌లో పొద్దున్నే పెడతారు. రోడ్డుకు లోపలున్న ఊరి ఆడపిల్ల రావాలంటే మొదటి బస్సు దొరకాలి, తోడు ఎవరైనా రావాలి, ఆ తోడొచ్చినవాళ్ల ఒకరోజు కూలి పోవాలి, బూట్లు అరువు తెచ్చుకోవాలి. ఇవన్నీ అయ్యాక, నిద్ర లేని కళ్లతో వచ్చి ఆరు బంతులు వేస్తుంది. సెలెక్టర్ ఆరు బంతులే చూస్తాడు. ఆయన తప్పు పెట్టడానికి లేదు, ఆయనకు చూపించింది అంతే.

బ్యాంకులోనూ ఇదే కథ. వేరుశనగ చేను మొత్తం ఒక ఆడమనిషి చేతి మీద నడుస్తుంటుంది. విత్తనం ఎప్పుడు వేయాలో, కలుపుకు ఎంతమంది కావాలో, కాయ ఎక్కడ అమ్మాలో ఆమెకే తెలుసు. భూమి పాసుపుస్తకం మాత్రం మామ పేరు మీదో, మొగుడి పేరు మీదో ఉంటుంది. లోన్ కౌంటర్ దగ్గర అడిగేది పాసుపుస్తకం. కాగితం లేదు కాబట్టి బ్యాంకు లెక్కలో ఆ రైతు లేదు.

గుర్తు లేకపోవడం సమస్యలో ఒక భాగమే. వెళ్లి అడగడానికి కూడా ఖర్చుంది, అది డబ్బు రూపంలోనే ఉండదు. "ఈమెకెందుకు ఇవన్నీ" అని నలుగురూ నవ్వితే పోయే పరువు అందులో ఉంది. అడిగి, దొరికి, తర్వాత విఫలమైతే పడే దెబ్బ ఇంకా పెద్దది. ఉన్నవాళ్ల పిల్లాడు ఒక సీజన్ పోగొట్టుకుంటే ఇంకో సీజన్ ఉంటుంది, కూలి చేసుకునే ఇంటి పిల్లకు అది చదువు మాన్పించడానికి కారణమైపోతుంది. అందుకే అలాంటివాళ్లు అసలు అడగరు. బయటినుంచి చూసేవాళ్లకు అది ఆసక్తి లేకపోవడంలా కనిపిస్తుంది.

ఓర్వకల్లులో పద్దు పుస్తకం

ఈ లెక్కను తిప్పి రాసిన ప్రయత్నాల్లో కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఉన్న ఓర్వకల్లుది పెద్ద పేరు. నేపథ్యం తెలిసిందే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం ఆడవాళ్లను గుంపుగా బయటికి తెచ్చింది. 1992లో గ్రామీణ రుణాల జాతీయ బ్యాంకు నాబార్డ్ పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ దశాబ్దం మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ పేదరిక నిర్మూలన ప్రాజెక్టు ఒకటి కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లోకి వచ్చింది. ఓర్వకల్లు సంఘాలు ఆ కాలంలో పుట్టినవే. అప్పటి మాట రోజుకో రూపాయి పొదుపు.

రూపాయి సంగతి పక్కన పెట్టండి. రోజుకో రూపాయితో ఎవరూ బాగుపడరు. ఆ రూపాయి చుట్టూ కట్టిన పద్ధతిని దగ్గరగా చూడాలి.

నెలలో ఒక తేదీ, ఒక టైము ఖాయం. బడి వరండాలోనో, ఎవరింటి ముందు అరుగు దగ్గరో పది పదిహేను మంది గుండ్రంగా కింద కూర్చుంటారు. గుండ్రంగా కూర్చుంటే వెనక వరుస అనేది ఉండదు, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. మధ్యలో పుస్తకం. హాజరు పిలుస్తారు, పిలిచినప్పుడు ఎవరి పేరు వాళ్లే చెప్పాలి. పదిమందిలో తన పేరు తను గట్టిగా చెప్పడం కొందరికి జీవితంలో అదే మొదటిసారి. ఫలానా వాళ్ల పెళ్లాం, ఫలానా వాళ్లమ్మ అని పిలిపించుకోవడమే అలవాటు కదా. పొదుపు డబ్బు అందరి ముందూ లెక్కపెట్టి పుస్తకంలో ఎక్కిస్తారు. తర్వాత అప్పు ఎవరికి కావాలని అడుగుతారు.

"అక్కా, ఈసారి నాకు ఐదు వేలు కావాల. బర్రెకు దాణా లేదు."

"పోయినసారిది ఎంతుంది ఇంకా?"

"పుస్తకంలో చూడక్కా. రెండు కంతులే."

మొత్తం విషయం ఆ చివరి మాటలో ఉంది. బతిమాలే పని లేదు, పుస్తకంలో చూడమంటే చాలు. ఆమె నమ్మకస్తురాలా కాదా అన్నది ఎవరి దయ మీదా, ఎవరి మూడ్ మీదా ఆధారపడలేదు. చూసుకుని, తీర్మానం రాసి, అందరూ సంతకాలు పెడతారు. వేలిముద్ర వేసేవాళ్లు కొన్నాళ్లకు సంతకం నేర్చుకుంటారు, ఎందుకంటే పక్కనున్న ఆమె నేర్చుకుంది.

ఇందులో నియమాలు ఐదు. పంచసూత్రాలంటారు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపల్లోపల అప్పులివ్వడం, వాటిని టైముకు కట్టడం, పుస్తకాలు రాయడం. పొదుపు సంఘం విలువలంటే ఇవే. చూస్తే చాలా చప్పగా ఉంటాయి. ప్రేమ, ఐక్యత, కల లాంటి మాట ఒక్కటీ లేదు. కానీ ప్రతి ఒక్కటీ కంటికి కనిపించే పని, చేశారో లేదో ఇట్టే తెలిసిపోతుంది.

రెండేళ్లు తిరిగేసరికి ఆ పుస్తకం ఒక సాక్ష్యం అవుతుంది. ఎన్ని మీటింగులు జరిగాయి, ఎంత పొదుపు, ఎంత అప్పు ఇచ్చారు, ఎంత తిరిగొచ్చింది అని బ్యాంకు మేనేజర్ చూడగలడు. పాసుపుస్తకం లేని ఆడమనిషికి లేకుండా పోయిన గుర్తును సంఘం తయారు చేసి ఇచ్చినట్టయింది. బ్యాంకు తన కన్నేమీ మార్చుకోలేదు. చూడటానికి దాని ముందు ఒక కాగితం పెట్టారంతే.

ఇంకోటి ఉంది, బయటివాళ్లు తొందరగా పట్టించుకోరు. ఒక నెల ఒకామె కంతు కట్టలేకపోయిందనుకుందాం. బ్యాంకుకు అది ఎగవేత, కారణంతో పని లేదు. సంఘానికి మాత్రం తెలుసు, ఇంట్లో నిజంగా జ్వరమొచ్చి పడుకున్నారా, లేక డబ్బు సారాయంగడికి పోయిందా అన్నది. తెలిసినవాళ్లు కాబట్టి మొదటిదానికి సర్దుతారు, రెండోదానికి నిలదీస్తారు. అంటే తప్పు చేసినప్పుడు పడే దెబ్బ మెత్తబడింది, కానీ తప్పించుకునే దారి కూడా మూసుకుపోయింది. ఈ రెండూ కలిసి ఉండటం కష్టం. బయటినుంచి అప్పిచ్చే ఏ సంస్థకూ ఈ పని ఇంత చవకగా చేతకాదు.

ఆలస్యంగా వచ్చినవాళ్లకు జరిమానా ఉంటుంది, కొద్ది రూపాయలే. ఆ జరిమానా లీడరుకు కూడా పడుతుందా అన్నది చూస్తే ఆ సంఘం ఎన్నాళ్లు నిలుస్తుందో చాలావరకు అంచనా వేయొచ్చు.

సంఘాలు కలిసి గ్రామ సమాఖ్యలు, అవి కలిసి మండల సమాఖ్యలు అయ్యాయి. ఓర్వకల్లు సమాఖ్య బాలభారతి పేరుతో సొంత బడి కూడా నడిపింది. 2000 తర్వాత రాష్ట్ర ప్రభుత్వ పేదరిక నిర్మూలన ప్రాజెక్టు వెలుగుతో ఈ పద్ధతి రాష్ట్రమంతా పాకింది, 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌కూ ఇక్కడి అనుభవం బాగా పనికొచ్చింది. ఆంధ్ర సంఘాల మహిళలు బిహార్, ఉత్తరప్రదేశ్ పల్లెలకు వెళ్లి, వచ్చీరాని హిందీతో అక్కడి ఆడవాళ్లను కూర్చోబెట్టి సంఘాలు కట్టించారు. వాళ్లను సీఆర్పీలు, అంటే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు, అంటారు. ఒకప్పుడు ఊరి బ్యాంకు గడప ఎక్కడానికి జంకినవాళ్లు వేరే రాష్ట్రంలో టీచర్లయ్యారన్నమాట.

తప్పు బయటపెట్టే జట్టు

సంఘంలో జరిగేదానికీ, పెద్ద ఆసుపత్రుల్లో జరిగేదానికీ ఒక చుట్టరికం ఉంది. అమెరికాలో ఏమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రి నర్సింగ్ జట్లను పరిశీలించింది. మంచి జట్లలో మందులిచ్చే పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకుని మొదలుపెడితే లెక్క తిరగబడింది, మంచి జట్లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. తరచి చూస్తే తేలిందేంటంటే, ఆ జట్లు ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసినవి దాచడం లేదు. మిగతాచోట్ల హెడ్ నర్సుకు భయపడి నోరు మూసుకున్నారు. 1999లో వచ్చిన ఆమె పత్రంతో దీనికి మానసిక భద్రత అన్న పేరు బాగా వ్యాపించింది.

ఇక్కడ లాభపడేది ఎవరన్నది గమనించాలి. సీనియర్ డాక్టర్‌కు మాట్లాడటానికి ఏ భద్రతా అక్కర్లేదు, ఎట్లాగూ మాట్లాడతాడు. కొత్తగా చేరిన నర్సుకు, భాష సరిగా రాని పిల్లకు, చిన్న ఊరినుంచి వచ్చినవాళ్లకు అది కావాలి. వాళ్లకు తెలిసిన విషయం వాళ్ల దగ్గరే ఉండిపోతే నష్టం జట్టు మొత్తానిది.

మానసిక భద్రత అంటే మెతకదనం అనుకుని కొందరు మేనేజర్లు అడ్డంగా తల ఊపుతారు. సంఘం ఉదాహరణ చూస్తే అది తప్పని తెలుస్తుంది. అక్కడ కంతు ఎందుకు కట్టలేదో పదిమందిలో చెప్పాల్సిందే, మాఫీ ఏమీ లేదు. చెప్పినందుకు వెలివేయరు, అంతే తేడా.

అనంతపురం మైదానంలో రోజూ ఆట

స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో గ్రామీణాభివృద్ధి ట్రస్టు, జనం నోట్లో ఆర్డీటీ, మొదలుపెట్టారు. ఇళ్లు, చెక్‌డ్యాములు, బత్తలపల్లి ఆసుపత్రి లాంటివాటితో పాటు ఆటల మీద కూడా అది పెట్టుబడి పెట్టింది. 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు జరిగింది ఆ సంస్థ మైదానంలోనే. 2010లో టెన్నిస్ ఆటగాడు రఫెల్ నడాల్ ఫౌండేషన్‌తో కలిసి అక్కడ ఒక టెన్నిస్ స్కూలు పెట్టారు.

ఆ స్కూల్లో టెన్నిస్‌తో పాటు ఇంగ్లిష్, కంప్యూటర్ నేర్పుతారు. మొదటిసారి వింటే ఇదేదో అదనపు హంగు అనిపిస్తుంది. తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే దాని అర్థం వేరు. టెన్నిస్ ఆడినవాళ్లలో ఆటగాళ్లయ్యేది ఏ కొద్దిమందో. ఒక్క టెన్నిసే నేర్పితే, ఆటగాడు కాలేకపోయిన పిల్లాడు ఐదేళ్లు పోగొట్టుకుని ఖాళీ చేతులతో ఇంటికొస్తాడు, ఆ నష్టం మొత్తం కూలి ఇంటి మీదే పడుతుంది. ఇంగ్లిష్, కంప్యూటర్ తోడైతే ఆట రాకపోయినా చేతిలో ఏదో ఒకటి మిగులుతుంది. విఫలమయ్యే ఖర్చు తగ్గింది కాబట్టి పంపడానికి ధైర్యం వస్తుంది.

రెండో సంగతి, రోజూ ఆడే చోట కోచ్ ఆరు బంతులు చూసి తేల్చడు, నెలల తరబడి చూస్తాడు. పిల్ల ఓడిన మర్నాడు ఎట్లా వచ్చింది, కొత్త విషయం ఎంత తొందరగా పట్టుకుంటోంది అన్నవి సెలెక్షన్ రోజు కనపడవు. నార్పల మండలం బండ్లపల్లి నుంచి వచ్చిన బారెడ్డి అనూష ఆర్డీటీ మైదానాల్లో ఆట నేర్చుకుని 2023 జూలైలో బంగ్లాదేశ్‌లో భారత జట్టు తరఫున టీ20 ఆడింది. వ్యవసాయ కూలీల ఇంటి పిల్ల. ఊరినుంచి నేరుగా ఒకరోజు సెలెక్షన్స్‌కు వచ్చి ఉంటే ఆ దారి అంత దూరం సాగేదా అన్నది అనుమానమే.

మూడు ఓటముల తర్వాత

ఇప్పుడు ప్రపంచ కప్ దగ్గరికి వద్దాం. గెలిచిన జట్టులో అంతా మంచే కనిపిస్తుంది కాబట్టి ఇక్కడ కాస్త జాగ్రత్త అవసరం. అయినా కొన్ని విషయాలు జరిగినవి జరిగినట్టు చెప్పుకోవచ్చు.

లీగ్ దశలో దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ చేతిలో వరసగా మూడు ఓడారు. సొంతగడ్డ మీద మూడు ఓటములంటే సోషల్ మీడియాలో ఎంత రచ్చ అవుతుందో చెప్పక్కర్లేదు. ఇంగ్లండ్ మ్యాచ్‌కు జెమీమా రోడ్రిగ్స్‌ను పక్కన పెట్టారు. తర్వాతి మ్యాచ్‌కే మళ్లీ తీసుకున్నారు. సెమీఫైనల్‌లో ఆస్ట్రేలియా పెట్టిన 339 లక్ష్యాన్ని ఛేదించింది ఆమె 127 నాటౌట్‌తోనే. షెఫాలీ వర్మ అయితే మొదట ప్రకటించిన జట్టులోనే లేదు. ప్రతీకా రావల్ గాయపడటంతో నాకౌట్ ముందు వచ్చి చేరింది, ఫైనల్‌లో 87 పరుగులు, రెండు వికెట్లు తీసి ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ అయింది. కోచ్ అమోల్ మజుందార్ ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో 11,000కు పైగా పరుగులు చేసి కూడా భారత జట్టుకు ఒక్క మ్యాచ్ ఆడని మనిషి. పక్కన పెట్టించుకోవడం అంటే ఏంటో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇందులో టీమ్ కల్చర్ వాటా ఎంత, ప్రతిభ వాటా ఎంత, అదృష్టం వాటా ఎంత అని తూచే తక్కెడ లేదు. కానీ ఒకటి చెప్పొచ్చు. పక్కన పెట్టడం శాశ్వత ముద్ర కాకుండా ఒక మ్యాచ్ నిర్ణయంగా మిగిలిన చోట తిరిగొచ్చినవాళ్లు ఆడగలిగారు. గెలిచాక కాలికి గాయమైన ప్రతీకను వీల్‌చెయిర్‌లో మైదానంలోకి తెచ్చుకున్నారు, ట్రోఫీని మిథాలీ రాజ్, ఝులన్ గోస్వామి చేతుల్లో పెట్టారు. 2017లో లార్డ్స్‌లో 9 పరుగుల తేడాతో ఫైనల్ ఓడిన జట్టులోవాళ్లే వీళ్లిద్దరూ. గెలుపు రాత్రి ఎవరు గుర్తొచ్చారన్నది కూడా ఒక పద్దే.

శ్రీచరణి విషయానికొస్తే, 2025 ఏప్రిల్‌లో వన్డేల్లోకి వచ్చింది. జూన్ 28న నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండ్ మీద తొలి టీ20 ఆడుతూ 12 పరుగులకు 4 వికెట్లు తీసింది. ప్రపంచ కప్‌లో 14 వికెట్లు. ఇరవై ఒక్క ఏళ్ల కొత్త ఎడమచేతి స్పిన్నర్‌కు కష్టమైన ఓవర్లలో బంతి ఇవ్వడం కెప్టెన్‌కు రిస్కే. ఒక సిక్స్ పడ్డాక మరుసటి ఓవర్ కూడా ఇచ్చారా లేదా అన్నదే కొత్త బౌలర్‌కు అసలు సంకేతం. మాటలతో ఎంత ధైర్యం చెప్పినా బంతి లాక్కుంటే అందరికీ అర్థమైపోతుంది.

మార్కెట్ చూపు ఎంత ఆలస్యంగా మారుతుందో కూడా ఇక్కడ చూడొచ్చు. 2024 డిసెంబర్‌లో మహిళల ప్రీమియర్ లీగ్ వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ జట్టు శ్రీచరణిని 55 లక్షలకు కొంది. ప్రపంచ కప్ అయ్యాక అదే జట్టు మళ్లీ కొనడానికి 1.3 కోట్లు పెట్టింది. ఆట మెరుగైంది నిజమే, కానీ పెరిగిన ధరలో ఎక్కువ భాగం కనపడటానికి కట్టిన ధర.

అదే ముడి బిగుసుకుంటే

ఇంతవరకు చదివి గుంపు కడితే చాలు అనుకుంటే ప్రమాదం. 2010 నాటి మైక్రోఫైనాన్స్, అంటే చిన్న అప్పులిచ్చే ప్రైవేటు సంస్థల, సంక్షోభం ఆంధ్ర పల్లెలకు బాగా గుర్తుంది. అక్కడా గుంపే. ఐదుగురో పదిమందో ఆడవాళ్లు, ఒకరికొకరు హామీ, వారం వారం మీటింగ్, ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. పైకి చూస్తే పొదుపు సంఘానికీ దీనికీ తేడా పట్టుకోవడం కష్టం. ఫలితం మాత్రం, కట్టలేని ఆమె ఇంటి ముందు పక్కింటివాళ్లే వచ్చి కూర్చోవడం, తిట్లు, పరువు పోవడం, ఆత్మహత్యల వార్తలు. ఆ అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి వసూళ్లకు కళ్లెం వేయాల్సి వచ్చింది.

ఒకే పనిముట్టు రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు పనిచేసింది? పొదుపు సంఘంలో నియమం రాసుకున్నది సభ్యులు, మార్చుకునేదీ వాళ్లే. వడ్డీ వాళ్ల నిధిలోకే పోతుంది. కంతు తప్పితే మొదటి ప్రశ్న "ఏమైంది" అని. మైక్రోఫైనాన్స్ గుంపులో నియమం పైనుంచి వచ్చింది, వడ్డీ బయటికి పోయింది, ఫీల్డ్ ఏజెంటుకు టార్గెట్ ఉంది కాబట్టి "ఏమైంది" అని అడిగే తీరిక లేదు. రిస్కును పంచుకున్నది సభ్యులు, లాభాన్ని పంచుకున్నది వేరేవాళ్లు. "మనమంతా ఒక ఫ్యామిలీ" అని చెప్పి ఆదివారం కూడా పిలిపించే ఆఫీసుల లెక్కా దాదాపు ఇదే.

ఉపాధి హామీ పనుల్లో ఇంకో రకం కనిపించింది. ఆ పథకం మొదలైంది కూడా బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. కూలీలు గుంపుగా గుంత తవ్వుతారు, కొలతను బట్టి గుంపుకు కూలి పడుతుంది, గుంపు పెద్ద అయిన మేటీ లెక్క చూసుకుంటాడు. ఈ లెక్కలో ముసలివాళ్లు, చెయ్యో కాలో సరిగా లేనివాళ్లు ఉంటే తలా వచ్చే కూలి తగ్గుతుంది. ఎవరికీ దురుద్దేశం లేకపోయినా, గట్టివాళ్లు గట్టివాళ్లతో చేరతారు, మిగిలినవాళ్లు మిగిలిపోతారు. దీనికి మందు నీతిబోధ కాదు, లెక్క మార్చడమే. వికలాంగులకు విడిగా గుంపులు కట్టి, తక్కువ పనికే పూర్తి కూలి వచ్చేట్టు చేశాక వాళ్లు పనిలోకి వచ్చారు. పొదుపు సంఘాల్లోనూ వాళ్లకు సభ్యుల సంఖ్య నియమం సడలించారు, ఐదుగురు ఉన్నా సంఘమే.

డబ్బు ఏ చివర పెడుతున్నారు

ప్రపంచ కప్ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం శ్రీచరణికి 2.5 కోట్ల నగదు, కడపలో ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. గౌరవించడం సబబే. కానీ పైన చెప్పిన ఖర్చులన్నీ దారి మొదట్లో ఉన్నాయి: బస్సు, బూట్లు, తోడొచ్చినవాళ్ల కూలి, ఐదేళ్లు పోతాయేమో అన్న భయం. బహుమతి దారి చివర్లో పడింది. అక్కడిదాకా చేరినవాళ్లకు అప్పటికే కన్ను పడి ఉంటుంది. మండలానికొక మైదానంలో రోజూ వచ్చే కోచ్ ఒకరుంటే ఆ మొదటి ఖర్చు తగ్గుతుంది, కాకపోతే దానికి ఫ్లెక్సీ ఉండదు.

సంఘాల వైపు సమస్య కాస్త వేరు. 2021లో రిజర్వు బ్యాంకు సంఘాలకు హామీ లేకుండా ఇచ్చే రుణ పరిమితిని 10 లక్షల నుంచి 20 లక్షలకు పెంచింది. మంచి మార్పే, కానీ అప్పు పెద్దదయ్యేకొద్దీ సభ్యులను ఏరుకోవడం కూడా పెరుగుతుంది. రోజుకో రూపాయి రోజుల్లో పక్కన ఎవరు కూర్చున్నా నష్టం లేదు. తలా లక్ష దాటే చోట, కట్టగలదా లేదా అని ముందే చూస్తారు. ఒంటరి మహిళ, కొత్తగా వచ్చిన కోడలు, వలస పోయే ఇల్లు, వీళ్లకు పాత సంఘంలో చోటు దొరకడం కష్టమవుతుంది. ఒకప్పుడు బ్యాంకు వాళ్లను చూసిన చూపుతోనే ఇప్పుడు సంఘం చూడటం మొదలుపెడుతుంది.

ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతాయి. ఊళ్లో తాళాలు పడతాయి, బడిలో పిల్లలు తగ్గుతారు. సంఘం మీటింగు మాత్రం ఖాయం చేసిన తేదీకే జరుగుతుంది. హాజరు పిలుస్తారు, పలకని పేరు ఎదురుగా గైర్హాజరు పడుతుంది, జరిమానా పడుతుంది. పొదుపు డబ్బు ఫోన్‌లో పంపొచ్చు, పంపుతారు కూడా. కానీ అప్పు అడగడానికి ఆ గుండ్రంలో కూర్చుని ఉండాలి. ఒకరిని చివరి వరుస నుంచి లేపి నిలబెట్టిన నియమమే మిరప చేలో ఉన్న ఇంకొకరిని వరుసలోంచి తీసేస్తోంది. నియమం రాసుకున్నది సంఘమే కాబట్టి, కోతలైపోయి వాళ్లు తిరిగొచ్చే నెలకు తేదీ మార్చుకోవచ్చు. ఆ తీర్మానం రాయాలంటే ఎవరో ఒకరు మీటింగులో లేచి అడగాలి, అడగాల్సినవాళ్లేమో ఆ రోజు గుంటూరులో ఉంటారు.